ఇనుప గుండూ, నాలుగు రౌండ్ల పరుగూ: పోలీసు నియామక మండలికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి చైర్మన్ గారికి,



రాష్ట్రంలో ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా తెల్లవారుజామున గ్రౌండ్‌లో ముందుగా కనిపించేది మీ అభ్యర్థులే. హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానమైనా, కరీంనగర్ అంబేద్కర్ స్టేడియమైనా, ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియమైనా వాళ్ల అడుగుల చప్పుడుతోనే తెల్లారుతుంది. నోటిఫికేషన్ రాబోతోందన్న వార్త పేపర్లో పడితే చాలు, మర్నాటికి గుంపు పెరుగుతుంది. గ్రౌండ్ లేని ఊళ్లలో బీటీ రోడ్డే ట్రాక్, మైలురాయే గమ్యం. ఒకరి చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది, మిగతావాళ్లు ఉరుకుతుంటారు. ఉరుకుడు అయ్యాక నానబెట్టిన శనగలు, రెండు అరటిపళ్లు. సాయంత్రం కాగానే జిమ్.

ఈ లేఖ వాళ్ల తరఫున. వాళ్ల కష్టంలో లోటు లేదు. పరుగునూ బలాన్నీ ఒకే ఒంట్లో ఎట్లా ఇమడ్చాలో చెప్పేవాళ్లే లేరు. డబ్బున్నవాళ్లు కోచింగ్ సెంటర్‌కు పోతారు, లేనివాళ్లు సీనియర్ చెప్పింది చేస్తారు, ఇద్దరూ ఎక్కువసార్లు ఒకే తప్పు చేస్తారు. పరీక్ష పెట్టేది మీ మండలి కాబట్టి, ఆ పరీక్షకు ఒంటిని ఎట్లా సిద్ధం చేసుకోవాలో చెప్పే పని కూడా మీరే తీసుకోవాలని ఈ లేఖ కోరుతోంది.

ముందుగా మీ పరీక్ష సంగతి. 2022 ఏప్రిల్‌లో దాదాపు 17 వేల పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టిన ఈవెంట్లు మూడు: 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల ఇనుప గుండు 6 మీటర్ల దూరం. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో గుండు లేదు. 1600 మీటర్లతో పాటు 100 మీటర్ల పరుగులోనో, లాంగ్ జంప్‌లోనో గట్టెక్కితే చాలు. సైన్యానికి వెళ్లే అగ్నివీరులకు 1.6 కిలోమీటర్ల పరుగు, దానితో పాటు పులప్స్. పది తీస్తే 40 మార్కులు.

ఈ మూడు పరీక్షలూ అడుగుతున్నవి రెండే: కాసేపు ఆగకుండా ఉరకగల గుండె, ఒక్క క్షణంలో ఒంట్లో ఉన్న బలాన్నంతా బయటికి తీయగల కండ. మీ ఆడపిల్లల పరీక్షను హెప్టాథ్లాన్ పక్కన పెట్టి చూడండి. 800 మీటర్లు, లాంగ్ జంప్, 4 కిలోల గుండు: ఆ క్రీడలోని ఏడు అంశాల్లో మూడు సరిగ్గా ఇవే, గుండు బరువుతో సహా. అంటే కానిస్టేబుల్ కావాలనుకునే పల్లెటూరి పిల్లను మీరు ఒక చిన్న హెప్టాథ్లాన్ చేసి చూపమంటున్నారు.

ఆ క్రీడలో ఆసియాలో అందరికంటే ముందు నిలిచిన అమ్మాయి మన రాష్ట్రంలోనే ఉంది. అగసర నందిని తండ్రి టీ అమ్మి కుటుంబాన్ని సాకినవాడు. ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. ఆ రోజు చివరి అంశమైన 800 మీటర్లను 2 నిమిషాల 15 సెకన్ల చిల్లరలో ముగించింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 5941 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. హెప్టాథ్లాన్ ఆడే అమ్మాయికి ఏ కోచ్ కూడా 'ముందు పరుగు చూసుకో, గుండు సంగతి తర్వాత చూద్దాం' అని చెప్పడు. వారంలో పరుగు ఎన్ని రోజులు, బరువులు ఎన్ని రోజులు, విశ్రాంతి ఎప్పుడు అన్నది ముందే రాసి ఉంటుంది. ఆ కాగితం విలువెంతో మన అభ్యర్థులకు తెలియదు, ఎందుకంటే అలాంటిది ఒకటి ఉంటుందనే వాళ్లకు తెలియదు.

వాళ్లు చేసేదేమిటి? పొద్దున్నే లేచి 1600 మీటర్లు ప్రాణం పెట్టి ఉరుకుతారు. టైం చూసుకుంటారు. మర్నాడూ అంతే. రోజూ పరీక్షే రాస్తే ఇక చదివేదెప్పుడు? 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల ట్రాక్‌పై రౌండుకు 108 సెకన్ల చొప్పున నాలుగు రౌండ్లు కొట్టి, ఇంకా 3 సెకన్లు చేతిలో ఉంచుకోవడం. ఇంతసేపు సాగే పరుగులో నాలుగింట మూడు వంతులకు మించిన శక్తి ఊపిరితో లోపలికొచ్చే ఆక్సిజన్ మీదే ఆధారపడి పుడుతుంది. ఆ సామర్థ్యం పెరిగేది నిదానంగా, పక్కవాడితో మాట్లాడుతూ సాగే పరుగులో. ఆయాసంతో నోట మాట రాని వేగం వారానికి ఒకటి రెండు రోజులు చాలు. కానీ మెల్లగా ఉరికేవాణ్ణి చూస్తే గ్రౌండ్‌లో మిగతావాళ్లకు వాడు బద్ధకస్తుడిలా కనిపిస్తాడు.

ఇక సాయంత్రం జిమ్. గుండు చేతితో విసిరేదని నమ్మి చేతులకూ ఛాతీకీ బరువులెత్తుతారు, కాళ్లను వదిలేస్తారు. పొద్దున ఉరికాం కదా, కాళ్లకు అది చాలదా అంటారు. నిజానికి గుండును విసరకూడదు, మెడ పక్కనుంచి ఒంటి చేత్తో నెట్టాలి. ఆ నెట్టుడు మడమ దగ్గర మొదలై మోకాలు, తుంటి, నడుము మీదుగా భుజానికి చేరుతుంది. చేయి చివర్లో అందుకుంటుంది, అంతే. లాంగ్ జంప్‌లో పలక మీద పడ్డ కాలు నేలను నెట్టేదీ అదే మడమ, అదే మోకాలు, అదే తుంటి. పరుగులో ప్రతి అడుగూ ఆ నెట్టుడికే చిన్న రూపం. మూడు ఈవెంట్లకూ మూలం కాళ్ల బలం ఒక్కటే. దాన్ని మూడు ముక్కలుగా కోసి ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం, ఒకటి పరీక్ష రోజున చూసుకుందామనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది.

పరుగూ బలమూ ఒకదాన్నొకటి తినేస్తాయన్న భయం కూడా జిమ్‌లలో బాగా వినిపిస్తుంది. దాని వెనుక ఒక కథ ఉంది, అది తెలుసుకోదగ్గది. రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ యువ శాస్త్రవేత్తకు బరువులెత్తడమంటే ఇష్టం. సెయింట్ లూయిస్‌లో జాన్ హోలోసీ ప్రయోగశాలలో చేరాడు. హోలోసీకి పరుగు అలవాటు. దగ్గరున్న ఫారెస్ట్ పార్కులో గురువుతో కలిసి పరుగెత్తడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు హిక్సన్ తన కండ కరిగిపోతోందని గమనించాడు. ఆ సంగతి చెబితే, సొంత ప్రయోగశాల పెట్టుకున్నాక నువ్వు ముందు తేల్చాల్సింది ఇదేనన్నాడట గురువు. హిక్సన్ అదే చేశాడు.

1980లో అచ్చయిన ఆయన ప్రయోగంలో 23 మంది మూడు గుంపులుగా పది వారాలు సాధన చేశారు. ఒక గుంపుకు వారానికి ఐదు రోజులు బరువులు. ఇంకో గుంపుకు ఆరు రోజులు పరుగు, సైక్లింగ్. మూడో గుంపుకు రెండూ. మూడో గుంపులో దమ్ము, రెండో గుంపుతో సమానంగానే పెరిగింది. బలం మాత్రం ఏడో వారం దాకా పెరిగి, ఎనిమిదో వారంలో నిలిచిపోయి, తొమ్మిది, పది వారాల్లో తగ్గింది. బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం చివరిదాకా పెరుగుతూనే ఉంది.

ఇప్పుడు ఆ వారాలను మన క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. 2022లో ప్రిలిమినరీ రాత పరీక్షలు ఆగస్టులో జరిగాయి. ఫలితాలు అక్టోబరు మూడో వారంలో వచ్చాయి. ఈవెంట్లు డిసెంబరులో మొదలయ్యాయి. పుస్తకాలకు అతుక్కుపోయిన అభ్యర్థుల్లో చాలామంది పాసయ్యామని తెలిశాకే బూట్లు కడతారు. అప్పటికి చేతిలో ఉండేది ఏడెనిమిది వారాలు. ఆ గడువులో పొద్దునా సాయంత్రం కలిపి వారానికి పదికి పైగా పూటలు ఒంటిని బాదుతారు. అంటే హిక్సన్ మూడో గుంపు చేసిందే దాదాపుగా చేస్తారు, అదీ ఆ గుంపుకు దొరికిన పర్యవేక్షణ లేకుండా. ఒంట్లో బలం పెరగడం ఆగిపోయే వారాల్లోనే ఇనుప గుండు చేతికొస్తుంది.

హిక్సన్ కథ అక్కడితో ఆగలేదు. 1988లో ఆయనే, అప్పటికే పరుగులో, సైక్లింగ్‌లో ఆరితేరినవాళ్లకు కాళ్ల బరువులు జోడించి చూశాడు. వాళ్ల దమ్ము తగ్గలేదు సరికదా, కొద్ది నిమిషాల్లో ముగిసే తీవ్రమైన శ్రమను తట్టుకునే సమయం 11 నుంచి 13 శాతం పెరిగింది. 1999లో ఫిన్లాండ్ పరిశోధకురాలు లీనా పావొలైనెన్ బృందం, శిక్షణ పొందిన రన్నర్ల సాధనలో మూడో వంతు సమయాన్ని గంతులకూ, పొట్టి స్ప్రింట్లకూ, వేగంగా ఎత్తే బరువులకూ ఇచ్చింది. తొమ్మిది వారాల్లో వాళ్ల 5 కిలోమీటర్ల టైం సుమారు 3 శాతం మెరుగుపడింది. ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యంలో మార్పు లేదు, అదే ఊపిరితో ఎక్కువ దూరం సాగడం కాళ్లు నేర్చుకున్నాయి. 7 నిమిషాల 25 సెకన్ల దగ్గర ఇరుక్కుపోయిన కుర్రాడికి 3 శాతం అంటే 13 సెకన్లు. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య అంతకంటే తక్కువే తేడా ఉంటుంది.

ఆ తర్వాత జరిగిన పరిశోధనలన్నిటినీ 2022లో ఒకచోట చేర్చి చూసిన శాస్త్రవేత్తలు, పరుగు వల్ల బలమూ కండా పెరగకుండా పోతాయన్న భయానికి పెద్ద ఆధారం లేదని తేల్చారు. మెలిక ఒక్కచోటే ఉంది. గంతుకూ గుండుకూ కావలసిన మెరుపు బలం, పరుగునూ బరువులనూ ఒకే పూట వరసగా చేసినప్పుడు దెబ్బతింటుంది. ఆరేడు గంటలు ఎడం ఇస్తే, లేదా రోజు మార్చితే ఆ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. ఇంత చిన్న సంగతి ఒక వాక్యంలో రాసి అభ్యర్థికి అందిస్తే ఎంత మేలో ఆలోచించండి.

బలం లేని పరుగుకు ఇంకో మూల్యం ఉంది. గ్రౌండ్‌లో దాన్ని షిన్ పెయిన్ అంటారు. మోకాలి కింద ముందు ఎముక వెంట సలుపు. ఐస్ పెడతారు, స్ప్రే కొడతారు, బిగుతుగా గుడ్డ చుట్టి మళ్లీ ఉరుకుతారు. కొందరిలో అది ఎముక మీద సన్నని పగులుదాకా పోతుంది. ఇది సిపాయిలకు పాత జబ్బే. 1855లోనే ప్రష్యా సైన్యంలో పనిచేసిన బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు, కవాతు చేసి చేసి పాదాలు వాచిన కొత్త సైనికుల గురించి రాశాడు. ఎముక అరిగిపోయే వస్తువు కాదు, తనను తాను తిరిగి కట్టుకుంటుంది. కానీ కొత్త గోడ లేపే ముందు పాత గోడను కొంత కూల్చుతుంది. ఒక్కసారిగా బరువు మీద పడితే, కూల్చుడు ముందు సాగి కట్టుడు వెనకబడుతుంది. అందుకే కొత్తగా ఉరుకుడు మొదలుపెట్టినవాళ్లకు మూడు నాలుగు వారాల తర్వాత అసలు నొప్పి తెలుస్తుంది. ఏడు వారాల గడువున్న కుర్రాడికి మూడో వారంలో షిన్ పెయిన్ వస్తే, తగ్గేదాకా ఆగడమా, పంటి బిగువున ఉరకడమా అన్నది ప్రశ్నే కాదు. వాడు ఉరుకుతాడు.

దీనికి మందు కూడా కాళ్ల బలమే. 25 ప్రయోగాల్లో పాల్గొన్న 26 వేలకు పైగా మంది వివరాలతో 2014లో వచ్చిన ఒక డేనిష్ బృందం విశ్లేషణ, బలం పెంచే వ్యాయామం చేసినవాళ్లలో క్రీడా గాయాలు మూడో వంతు కంటే తక్కువకు పడిపోయాయని, ఒకే పని పదేపదే చేయడం వల్ల వచ్చే గాయాలు దాదాపు సగమయ్యాయని చెప్పింది. అదే విశ్లేషణలో, అందరూ నమ్మే స్ట్రెచింగ్‌కు అలాంటి ఫలితం కనిపించలేదు. గ్రౌండ్‌లో పావుగంట స్ట్రెచింగ్ చేసే కుర్రాళ్లకు అందులో సగం సమయం మెట్టు అంచున నిలబడి మడమలెత్తమని చెబితే చాలు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఇంట్లో ఒప్పించి, చీకట్లో ఒంటరిగా రోడ్డెక్కలేక తోడు వెతుక్కుని, అక్కడిదాకా రావడమే వాళ్లకు ఒక పరీక్ష. బరువులెత్తితే మగవాళ్లలా అవుతావన్న మాట ఇంకా వినపడుతూనే ఉంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది 2000లో. పాతికేళ్లు గడిచినా మన జిమ్‌లలో ఆడపిల్లలను ట్రెడ్‌మిల్ దగ్గరే ఆపేస్తున్నారు. 4 కిలోల గుండును పరీక్ష రోజునే మొదటిసారి చేతిలోకి తీసుకునే అమ్మాయిలు కూడా ఉంటారు. దాని బరువు కంటే ఆ కొత్తదనమే వాళ్లను ఓడిస్తుంది.

వాళ్ల పరుగును ఆపేది ఇంకొకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ తక్కువైతే ఎంత ఉరికినా దమ్ము నిలవదు. 800 మీటర్లలో రెండో రౌండ్‌కు కాళ్లు బరువెక్కే అమ్మాయిని మనసు పెట్టడం లేదని కోచ్ కసురుకునే ముందు, ఒక రక్త పరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం, ఐరన్ మాత్రలూ ఉచితమే. ఆ పరీక్ష చేయించుకోమని మీ నోటిఫికేషన్‌లో ఒక్క వాక్యం ఉంటే చాలామంది పేరు రాయించుకున్న వారంలోనే చేయించుకుంటారు. డాక్టరు చూసి మాత్రలిచ్చినా రక్తం పుంజుకోవడానికి నెలలు పడుతుంది, చివరి వారంలో తెలిసి లాభం లేదు.

తిండి మాటకొస్తే జిమ్ పక్కనే డబ్బాల దుకాణం ఉంటుంది. తండ్రి కూలి డబ్బుల్లోంచి ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనేవాళ్లున్నారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార సూచనల్లో ఆ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది. గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. శనగలు, పెసలు, పల్లీలు, పప్పు, పెరుగు, కుదిరిన రోజు చికెన్ కలిస్తే ఈ పరీక్షకు కావలసింది ఇంటి తిండిలోనే దొరుకుతుంది. డబ్బా డబ్బులతో మంచి బూట్లు కొనుక్కోవడం మేలు.

జిమ్ కూడా తప్పనిసరి కాదు. మన ఊళ్లలో తాలింఖానాలు ఉన్న రోజుల నుంచీ దండాలు, బస్కీలు తెలిసినవే. పాతిక కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని గుంజీలు తీస్తే కాళ్లకు సరిపడా బరువే. బడి మెట్ల మీద ఒంటికాలితో ఎక్కి దిగడం, మెట్టు అంచున మడమలెత్తడం, మోచేతుల మీద పలకలా నిలవడం, ఇసుకలో నిలబడ్డ చోటునుంచే ముందుకు దూకడం: వారానికి రెండు పూటలు, పూటకు ముప్పావు గంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మామూలు మనుషులందరికీ చెప్పింది కూడా అదే: వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. పోలీసు ఉద్యోగానికి సిద్ధమయ్యేవాడికి ఆ రెండో సగం ఇంకా ముఖ్యం.

ఇవన్నీ కలిపితే వారం ఎట్లా ఉంటుందో ఉదాహరణగా చెప్పవచ్చు. సోమవారం పొద్దున 400 మీటర్లు 105 సెకన్లలో ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. అదే రోజు సాయంత్రం కాళ్ల బలం. కష్టమైన పనులు రెండూ ఒకే రోజున, ఆరేడు గంటల ఎడంతో పెట్టేది మర్నాడు నిజంగా తేలిక రోజు కావడానికే. మంగళవారం అరగంట మెల్లని పరుగు. బుధవారం ఉరుకుడు లేదు, తాజా కాళ్లతో లాంగ్ జంప్ అడుగులు కొలుచుకోవడం, గుండు నెట్టడం నేర్చుకోవడం. గురువారం మాట్లాడుకుంటూ ఐదారు కిలోమీటర్లు. శుక్రవారం మళ్లీ బలం. శనివారం పొట్టి స్ప్రింట్లు, రెండు వారాలకోసారి మాత్రం వాటి బదులు పూర్తి పరీక్ష. ఆదివారం నిద్ర, తిండి, ఇంటి పని. నాలుగో వారం వచ్చేసరికి అంతా మూడో వంతు తగ్గించాలి, ఎముకలు తమ గోడ కట్టుకోవడానికి. పరీక్షకు పది రోజుల ముందు బస్తా దించేయాలి.

ఆ శనివారం పరీక్షకు ఒక కారణముంది. 2022 ఈవెంట్లలో పరుగు ముందు పెట్టారు. అందులో నెగ్గినవాళ్లే ఎత్తు కొలతకూ, లాంగ్ జంప్‌కూ, గుండుకూ వెళ్లారు. హెప్టాథ్లాన్‌లో 800 మీటర్లు ఆఖరున వస్తే, మీ దగ్గర పరుగు మొదట వస్తుంది. 1600 మీటర్లు పిండేసిన కాళ్లతో గుండు నెట్టడం వేరే విద్య. అది తెలియనివాడు పరుగులో ఇరవై సెకన్లు మిగిల్చి గొప్పగా నెగ్గుతాడు, గుండు దగ్గర అరడుగు తక్కువై ఇంటికి వెళ్తాడు. రౌండుకు 107 సెకన్ల లెక్కన ఉరికి, మిగిలిన బలాన్ని దాచుకోవాలని అతనికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

పరీక్ష పెట్టేవాళ్లే సాధన కూడా నేర్పడం కొత్త ఆలోచన కాదు. అమెరికా సైన్యం 1980 నుంచి నలభై ఏళ్లు పుషప్స్, సిటప్స్, రెండు మైళ్ల పరుగుతో సిపాయిలను కొలిచింది. అందువల్ల కాళ్ల బలం, మోసే బలం, నెట్టే బలం లెక్కలోకి రావడం లేదని గ్రహించి డెడ్‌లిఫ్ట్, బరువు విసరడం, ఈడ్చడం, మోయడం చేర్చిన కొత్త పరీక్షను 2022 అక్టోబరులో పూర్తిగా అమల్లోకి తెచ్చింది. పరుగును మాత్రం తీసేయలేదు. ఆ పరీక్షతో పాటే, ఏ ఈవెంట్‌కు ఏ వ్యాయామం చేయాలో బొమ్మలతో సహా ఒక పుస్తకం తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టింది. 2025లో ఆ పరీక్షను మళ్లీ సవరించారు, కానీ బలమూ పరుగూ పక్కపక్కనే ఉండాలన్న నిర్ణయం మారలేదు.

సాధన లేని ఒంటి మీద గడియారం పెడితే ఏమవుతుందో మన దేశమే చూసింది. 2024లో ఝార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్లు 10 కిలోమీటర్లు గంటలో ఉరకాలన్నారు. ఆ కొద్ది రోజుల్లో పది మందికి పైగా యువకులు చనిపోయారు. ఉమ్మడి రాష్ట్రంలో మన దగ్గరా 5 కిలోమీటర్ల పరుగు ఉండేది, అందులో కుప్పకూలినవాళ్లున్నారు. తెలంగాణ ఏర్పడ్డాక దాన్ని తీసేశారు. అది సరైన నిర్ణయం. ఇప్పుడున్న మూడు ఈవెంట్ల కలయిక మంచిదే, మార్చమని ఈ లేఖ అడగడం లేదు. 7 నిమిషాల 15 సెకన్లను సడలించమని కూడా అడగడం లేదు. దొంగను తరిమి పట్టుకోవాల్సిన మనిషికీ, వరదలో ముసలమ్మను ఎత్తుకుని గడప దాటించాల్సిన మనిషికీ పరుగూ బలమూ రెండూ కావాలి.

అడుగుతున్నవి ఇవి. ఈసారి నోటిఫికేషన్ ఇచ్చే రోజునే, దానికి అనుబంధంగా 16 వారాల సాధన పట్టిక ఒకటి తెలుగులో, ఉర్దూలో, బొమ్మలతో అచ్చు వేయండి. రాయడానికి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పోలీస్ అకాడమీలో శిక్షకులున్నారు, పోషకాహార సంస్థ నగరంలోనే ఉంది, అంతర్జాతీయ అథ్లెట్లను తయారుచేసిన కోచ్‌లు హైదరాబాద్‌లోనే ఉన్నారు. ప్రిలిమినరీ ఫలితాలకూ ఈవెంట్లకూ మధ్య కనీసం 12 వారాలు ఉంచండి. మిగతా నాలుగు వారాలు అభ్యర్థి చదువుకుంటూనే మెల్లని పరుగుతో మొదలుపెట్టవచ్చని ఆ పట్టికలోనే రాయండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బుతో పోయినవాళ్లుండటం: వీటిలో ఏ ఒక్కటున్నా సాధనకు ముందే డాక్టరును కలవమని పైన పెద్ద అక్షరాల్లో వేయండి.

చివరిది అన్నిటికంటే చవక. ప్రతి జిల్లాలో పోలీసు పరేడ్ గ్రౌండ్ ఉంది. ఆ 16 వారాలూ వారానికి రెండు ఉదయాలు, ఒకటి ఆడపిల్లలకు విడిగా, దాని గేటు తెరిపించండి. కొలిచిన 400 మీటర్ల సున్నపు గీత, ఇసుక పోసిన గుంట, 7.26 కిలోలదీ 4 కిలోలదీ రెండేసి గుండ్లు, చూపించడానికి ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్. బీటీ రోడ్డు మీద లారీల పక్కన ఉరికే పిల్లలు ఆ గేటు ఎప్పుడు తెరుస్తారా అని ఐదింటికే వచ్చి నిలబడతారు.

ఇట్లు,
గ్రౌండ్‌లో ఉరుకుతున్న మీ అభ్యర్థుల మేలు కోరే ఒక రచయిత